తిట్టు పడని దూలం

మా నాన్న తిట్లకు ఏటి పొడుగునా పేరుంది. ఏ ఊళ్ళో ఇల్లు కట్టినా, ధాన్యపు కొట్టు కట్టినా, వెన్నుదూలానికి చెట్టు దొంగిలించాల్సి వచ్చినప్పుడు జనం ముందు మా నాన్న కొండ వైపే చూసేవారు. కప్పు మధ్యన నడిచే ఆ దూలం సొంత ఊరి అడవిలోది కాకూడదు, అడిగి తెచ్చుకున్నదీ కాకూడదు. తెల్లవారుతుండగా వెళ్ళి నరకాలి. మొద్దుకు ఎర్రగుడ్డ చుట్టి, గుప్పెడు బియ్యం పోసి, కొండ దిగుతూ టపాసులు పేల్చాలి. ఆ చప్పుడుకి చెట్టు గలవాడు బయటికొచ్చి తిట్టాలి. ఎంత తిడితే ఆ కప్పుకి అంత ఆయుష్షు.

కొంతమంది మొహమాటానికి రెండు మాటలని లోపలికి పోతారు. మా నాన్న అలా కాదు. గట్టు మీదికొచ్చి, దొంగల తాతముత్తాతల్ని పేరుపేరునా పలకరించి, గొంతు ఆరిపోతే అమ్మ తెచ్చిన నీళ్ళు తాగి మళ్ళీ అందుకునేవాడు. పొరుగూళ్ళ ఇళ్ళు చెక్కు చెదరకుండా నిలబడ్డాయంటే ఆయన నోటి చలవేనని జనం నవ్వుకునేవారు.

సర్కారు కొండలు మళ్ళీ ఇంటింటికీ పంచిన మరుసటి ఏడాది, చలికాలంలో, ఏటి ఇవతల నేను మెట్టిన పిన్‌తాన్ ఊరివాళ్ళు వంతెన దూలం కోసం అదే కొండకు వెళ్ళారు. ఆ రోజు మా నాన్న నోరు మెదపలేదు.

పాత వంతెన అంతకుముందు వానాకాలంలో పోయింది. మా మామగారి తాత కట్టిన వంతెన అది. పొడుగునా పెంకుల కప్పు, రెండు పక్కలా బల్లలు. వానొస్తే పశువులతో సహా ఊరంతా దాని కిందే. ముసలివాళ్ళు మధ్యాహ్నాలు అక్కడే కునుకు తీసేవారు, సాయంత్రాలు కుర్రకారు అక్కడే ఆడపిల్లల్ని పాటలతో కవ్వించేవారు. నేను మా ఆయన గ్వాంగ్ వెంట వచ్చేసింది కూడా దాని మీదుగానే, చంకలో ఒక బట్టల మూటతో. నాన్న నన్ను మా మేనమామ కొడుక్కి ఇస్తానని మాటిచ్చి ఉన్నాడు. నేనలా వచ్చేశాక ఆ తావ్ బావ వేరే పిల్లని చేసుకుని హాయిగా ఉన్నాడు, సంతలో కనిపిస్తే “ఏం మరదలా, మొగుడు సరిగ్గా చూసుకుంటున్నాడా, లేక నన్ను రమ్మంటావా?” అని ఆటపట్టిస్తాడు. మాట పోయిందని కుమిలిపోయింది నాన్న ఒక్కడే. ఆ రోజు నుంచి నాతోనూ, పిన్‌తాన్ మనిషి ఎవరితోనూ ఆయన పలకలేదు. సంతలో మా వైపు వాళ్ళు ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోయేవాడు.

విచిత్రమేమిటంటే ఆయన నా నుంచి తప్పించుకోలేడు. మా వైపు మొదటి బిడ్డ పుట్టాక ఎవర్నీ సొంత పేరుతో పిలవరు. ఆయన ఊరందరికీ ‘న్యాన్ నాన్న’. న్యాన్ అంటే నేను. ఎవరు పలకరించినా ముందు నా పేరు వినపడాల్సిందే. అలాంటి పిలుపు రోజంతా వింటూ ఆయన ఎలా ఉండేవాడో నాకు అర్థమయ్యేది కాదు.

కోతలయ్యాక, ఏరు పాయలు పాయలుగా చిక్కిపోయాక, వంతెన పని మొదలైంది. పాత వంతెనని మోసిన రాతి కట్టడాలు మాత్రం వరదకు నిలిచాయి. వాటి మీద దేవదారు దుంగల్ని వరసలు వరసలుగా పేర్చారు. కింది వరస కంటే పై వరస మూరెడు ముందుకు, దాని మీది వరస ఇంకో మూరెడు ముందుకు, అటు నుంచీ ఇటు నుంచీ చేతులు చాపినట్టు. ఆ చేతుల మీద పొడుగాటి మానులు పడ్డాయి, వాటి మీద నిట్రాళ్ళు లేచాయి. ఒక్క ఇనుప మేకు లేదు. దుంగ కొసన చెక్కిన కుసి బెజ్జంలోకి దిగుతున్న చప్పుడు పొద్దస్తమానం వినిపించేది. కొలతలన్నీ పెద్ద మేస్త్రీ అయిన మామగారి చేతిలోని వెదురు బద్ద మీద ఉండేవి. ఆ గీతలు ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియవు, మా ఆయనకు కూడా సగమే తెలుసు.

నేను అరుగు మీద నీలిబట్ట పరిచి కొయ్యసుత్తితో మెరుపు వచ్చేదాకా కొట్టేదాన్ని. బట్ట మీద కంటే ఆకాశం మీదే నా కళ్ళుండేవి. ఊరందరి పరిస్థితీ అంతే. కొత్త సంవత్సరం పండగ దాటగానే గాలి మారిపోయింది. చలి ఉండాల్సిన పొద్దుల్లో ఒళ్ళు చెమటపట్టింది. మామగారు పొద్దున్నే లేచి ముక్కు పైకెత్తి గాలి వాసన చూసేవారు.

“వంతెన ప్రాణం కప్పులోనే ఉందమ్మాయ్. కొత్త కుసి ఒక్క వానకి ఉబ్బిందంటే బెజ్జం చీలిపోద్ది. ఆ చీలిక దాచుకున్నా దాగదు. మా తాత కప్పు బాగా వేశాడు కాబట్టే అన్నేళ్ళు మోసింది,” అన్నారు నాతో ఒకసారి, అన్నం ముద్ద చేతిలో పట్టుకుని తినడం మరిచిపోయి.

పెంకులు గట్టు మీద గుట్టలుగా ఉన్నాయి. వాసాలు చెక్కి సిద్ధంగా ఉన్నాయి. వాసాలు ఆనాలంటే వెన్నుదూలం ఉండాలి. అది మాత్రం లేదు.

చెట్టు ఎక్కడిది తేవాలన్న మాట మా పొయ్యి దగ్గరే తేలింది. దొంగతనానికి పెద్ద జిన్ తాత. తల్లిదండ్రులు బతికుండి, బిడ్డలున్న మగాళ్ళని ఏరి జట్టు కట్టాడు.

“న్యాన్ నాన్న కొండే. ఇంకో మాటే లేదు,” అన్నాడు తాత.

“ఆయన మనతో మాట్లాడడు తాతా,” అన్నాడు గ్వాంగ్.

“మాట్లాడమని ఎవడడిగాడ్రా? తిట్టమంటున్నాం. ఇన్నాళ్ళు నోరు కట్టుకు కూచున్న మనిషికి ఇంతకంటే మంచి సాకు దొరుకుద్దా? చూడు, మన వంతెనకి మూడొందల ఏళ్ళకి సరిపడా తిట్లు పడతాయి. నీకు వేరేగా పడతాయి, అది నీ అదృష్టం.”

అందరూ నవ్వారు. మామగారు నవ్వకుండా నా వైపు చూశారు. “నువ్వేమంటావమ్మాయ్?”

“చెట్టు పోతే నాన్న ఊరుకోడు మామయ్యా,” అన్నాను.

లోపల నాకు ఒకటే ఆశ. ఆయన గొంతు విని ఎన్నాళ్ళయిందో. తిట్లలోనైనా సరే, నా పేరు వస్తుందేమోనని.

వాళ్ళు వెళ్ళిన పొద్దున నేను సుత్తి పట్టుకున్నాను గానీ బట్ట మీద దెబ్బ వెయ్యలేదు. ఏటి అవతల కొండ మీద టపాసులు పేలాయి. కుక్కలు మొరిగాయి. వీధిలో ఆడవాళ్ళందరూ చేతుల్లో పని ఆపి చెవులు రిక్కించారు. కుక్కలు కూడా మొరిగి మొరిగి ఆగిపోయాయి. ఆ తర్వాత ఏమీ వినపడలేదు.

చెట్టుతో తెప్ప దిగినప్పుడు వాళ్ళు శవాన్ని మోసుకొస్తున్నట్టే ఉన్నారు. నేల తగలకుండా తెచ్చి దూలాన్ని వంతెన నడుమ దుంగల మీద పెట్టారు. గ్వాంగ్ ఇంటికొచ్చి నీళ్ళు కూడా అడగకుండా కూలబడ్డాడు.

“ఏమైంది?”

“బయటికొచ్చాడు. మొద్దు చూశాడు. మా వైపు చూశాడు. మేం ఇంకో దండ టపాసులు పేల్చాం. జిన్ తాత అయితే ‘దొంగలం, దొంగలం’ అని అరిచాడు కూడా. ఆయన చుట్ట తీసి, మళ్ళీ జేబులో పెట్టుకుని, లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. అంతే.”

“ఏ చెట్టు నరికారు?”

“మంచిదే నరికాం. వేరు నుంచి రెండు పిలకలున్నది. ఆ తాబేలు లాంటి పెద్ద బండ లేదూ, దాని పక్కన...”



“దానికి గడ్డిముడి లేదా?” అని అడిగాను.

“ఏ ముడీ లేదు. ఉంటే ముట్టుకుంటామా? చుట్టూ తడిమి చూశాం కదా.”

ఆడపిల్ల పుట్టిన ఏడు తండ్రి కొండ మీద దేవదార్లు నాటతాడు. పిల్ల పెళ్ళికి అవి నరికి పెట్టెలూ మంచమూ చేయించి పంపుతాడు. అంతదాకా వాటికి గడ్డి మెలితిప్పి ముడి కడతాడు, ఏడాదికోసారి కొత్తది మారుస్తాడు. ఆ ముడి ఉన్న చెట్టు మీద ఏ ఊరి దొంగా గొడ్డలి వెయ్యడు. నాకోసం నాటిన వరస చాలావరకు కొండచరియతో జారిపోయింది. తాబేలు బండ అడ్డం ఉండబట్టి అదొక్కటే మిగిలింది. చిన్నప్పుడు నాన్న నన్ను దాని పక్కన నిలబెట్టి ఎవరు పొడుగో చూసేవాడు. ముడి ఎవరు విప్పేశారో, ఎప్పుడు విప్పేశారో ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.

మామగారితో ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన వడ్రంగులు గీత కొట్టే సిరా పెట్టెలోంచి దారం లాగుతున్నారు. దూలం చెక్కడం అయిపోయింది, కుసులు తయారయ్యాయి, మధ్యన ఆ సిరా గీత ఒక్కటి కొడితే ఇక పైకెత్తడమే. ఆయన దారాన్ని మెల్లగా పెట్టెలోకి చుట్టేశారు.

“ఆడపిల్ల చెట్టు నరికామా మేం?”

“మీకు తెలీదు కదా మామయ్యా.”

“తెలీకపోతే మాత్రం? గీత కొట్టను. ఆ తండ్రి నోట మాట పడేదాకా కొట్టను.”

“పడకపోతే?”

“తిట్టు పడని దూలాన్ని ఇంటికి వాడం, పొయ్యిలో పెట్టం. ఏట్లో వదిలేస్తాం. ఇంకోటి తెచ్చి చెక్కేలోపు ముహూర్తం దాటిపోద్ది, మళ్ళీ మంచిరోజు వానలయ్యాకే. ఈలోపు ఈ నిట్రాళ్ళ గతేంటో చూస్తూ కూచుందాం.” ఆయన గొంతులో కోపం లేదు, దానికే నాకు ఎక్కువ భయమేసింది.

ముహూర్తానికి ఇంకా కొన్ని రోజులున్నాయి. ఆ రోజుల్లో ఊరు ఊరులా లేదు. ఎవరూ ఒకచోట కూర్చోలేదు. మగాళ్ళు వంతెన దగ్గరికి వెళ్ళడం, దూలం చుట్టూ తిరగడం, తిరిగి రావడం. వీధిలో నేను కనపడితే మాటలు ఆగిపోయేవి. బావి దగ్గర ఒకావిడ నాకు వినపడేట్టే అంది: “తండ్రి నోరు మూయించి వచ్చింది, ఇప్పుడు వంతెన నోరు కూడా మూయిస్తది.” నేను బిందె నింపుకుని వచ్చేశాను.

జిన్ తాత ఊరుకునే రకం కాదు. నాన్నను రెచ్చగొట్టాలని ఎవర్నో పంపి ఆయన గేదెను ఆయన క్యాబేజీ మడిలోకే తోలించాడు. నాన్న బయటికొచ్చి గేదెను తిట్టిన తిట్లు ఏటి ఇవతలికి స్పష్టంగా వినపడ్డాయి. తాత గంతులేసుకుంటూ మామగారి దగ్గరికి పరిగెత్తాడు.

“విన్నావా మేస్త్రీ? కొట్టు గీత!”

“అది గేదెకు పడిన తిట్టు.”

“గేదెని తోలింది మనమే కదయ్యా. అంటే మనకి పడ్డట్టే.”

“అయితే గేదెని ఎక్కించు కప్పు మీదికి,” అన్నారు మామగారు.

సంత రోజున అమ్మ కనిపించింది. నాన్నకు తెలియకుండా, కాదు, తెలిసీ తెలియనట్టుండగా, అమ్మ నన్ను సంతలో కలుస్తూనే ఉండేది. నా బిడ్డ లియెన్ బుగ్గలు పుణికి, నన్ను పక్కకు లాగింది.

“తిండి మానేశాడే మీ నాన్న. పొద్దున లేస్తే ఆ మొద్దు దగ్గర కూచుంటాడు.”

“నా మీద కోపమా?”

“నీ మీద కోపం పాతదే, అలవాటైపోయింది. ఇది వేరే. నువ్వెళ్ళిపోయిన రోజున పిచ్చి కోపంలో కొండెక్కి ఆ ముడి పీకేసి వచ్చాడు. ‘ముడి విప్పింది నేనే, ఇంకెవణ్ణని తిట్టను’ అన్నాడు మొన్న. అదీ నాతో కాదు, పొయ్యితో అన్నాడు.”

“నేను వస్తానమ్మా.”

“రా. నీ ముందు కూడా పొయ్యితోనే మాట్లాడతాడేమో. అయినా రా.”

ముహూర్తం రోజు తెల్లారేసరికి పై కొండల్లో ఎక్కడో ఉరిమింది. లియెన్‌ని వీపున కట్టుకుని రేవుకి దిగాను. తెప్ప మనిషి నన్ను అవతల దింపి, దూలం లేచేది చూడాలని నడుముకు ఎర్ర గుడ్డ కట్టుకుని తెప్పతో మళ్ళీ మా ఊరి గట్టుకి వెళ్ళిపోయాడు. అంతగా వెళ్ళాల్సొస్తే ఏటికి అడ్డంగా కట్టిన తాడు పట్టుకుని ఎవరైనా లాక్కోవచ్చు, తెప్పకు కట్టిన చిన్న తాడుతో అవతలి నుంచి రప్పించుకోవచ్చు. వంతెన నిట్రాళ్ళ వరకూ లేచి నిలబడే ఉంది గానీ దూలం ఎక్కి, పెద్దలు తొలి అడుగు వేసేదాకా వడ్రంగులు తప్ప దాని మీద ఎవరూ నడవకూడదు.

నాన్న ఇల్లు రేవు మీదే. అరుగు మీద చేపల గంప అల్లుతున్నాడు. మెట్లెక్కుతుంటే చూశాడు. మనిషి చిక్కిపోయాడు. నేను వెళ్ళాక ఆయన ముసలివాడైపోయాడని ఆ నిమిషంలోనే నాకు తెలిసింది, అక్కడే కూర్చుని ఏడవాలనిపించింది. ఏడవలేదు, పని మీద వచ్చాను కదా.

“నాన్నా, వాళ్ళకి తెలీదు. ముడి లేదు కాబట్టి నరికారు.”

వెదురు బద్ద ఇంకోటి తీసుకున్నాడు.

“తప్పయిపోయింది నాన్నా, వచ్చేసినందుకు కాదు. చెప్పకుండా వచ్చేసినందుకు.”

బద్దను వంచాడు, దూర్చాడు, బిగించాడు. అమ్మ లోపలి నుంచి వేయించిన బియ్యం వేసిన టీ గిన్నెలు తెచ్చి మా మధ్యన పెట్టి వెళ్ళిపోయింది. ఆయన ఒక గిన్నె తీసుకున్నాడు. నాకు ఏం చెయ్యాలో తోచలేదు. నోటికొచ్చింది అనేశాను.

“అయినా చెట్టు ఏమంత గొప్పగా లేదులే. లోపల పురుగు పట్టిందట. కట్టెలకి కూడా పనికిరాదన్నారు మా మామయ్య.”

ఆయన వేళ్ళు ఆగాయి. దవడ బిగుసుకుంది. ఇప్పుడు, ఇప్పుడు, అనుకున్నాను. వేళ్ళు మళ్ళీ కదిలాయి.

“నా కూతురికి అబద్ధం ఆడటం కూడా రాదు,” అంది అమ్మ లోపలి నుంచి.

అరుగు మీది నుంచి వంతెన కనపడుతోంది. జనం గట్టు మీద మూగారు. నిట్రాళ్ళ నడుమ ఎర్రగుడ్డ కప్పుకుని దూలం పడుకుని ఉంది. మామగారు దాని తల దగ్గర నిలబడి ఈ ఇంటి వైపే చూస్తున్నారు. పొద్దు పైకెక్కుతోంది. లేచాను.

“వెళ్తున్నా నాన్నా. తిట్టకపోతే మానెయ్. ఇంకాసేపట్లో దాన్ని ఏట్లో వదిలేస్తారు. నువ్వు ముడి కట్టి పెంచిన చెట్టు, మంచానికీ కాకుండా కప్పుకీ కాకుండా కొట్టుకుపోతుంది. నువ్వు ఇక్కణ్ణుంచే చూడొచ్చు.”

మెట్లు దిగేటప్పుడు కళ్ళు మసకబారి ఏరు సరిగ్గా కనపడలేదు. చిన్న తాడు లాగి తెప్పను ఇటు రప్పించుకుని ఎక్కి, పెద్ద తాడు అందుకుని లాగాక గానీ చూసుకోలేదు. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొద్దున నేను దాటినప్పుడు బయటికి కనపడ్డ రాళ్ళు ఇప్పుడు లేవు. రెండోసారి లాగేసరికి తెప్ప అడ్డం తిరిగి, తాడు అరచేతుల్ని కోస్తూ జారింది. వీపున లియెన్ కెవ్వుమంది.

“ఒసేయ్ బుద్ధిలేనిదానా!”

ఆ కేక నా వెన్నులోంచి దూసుకుపోయింది.

“కళ్ళు నెత్తికెక్కాయా! ఎర్రనీళ్ళు దిగుతుంటే తెప్పెక్కుతావా! వీపున పసిదాన్నేసుకుని! తాడు వదలకు! వదిలావంటే చంపేస్తా! వదలకే!”

నాన్న నడుం లోతు నీళ్ళలో ఉన్నాడు. మెట్లు ఎప్పుడు దిగాడో, నీళ్ళలోకి ఎప్పుడు దూకాడో తెలియదు. చిన్న తాడు భుజానికి చుట్టుకుని, తెప్పను గట్టు వైపు ఈడుస్తూ, ఈడ్చిన ప్రతి అడుగుకీ ఒక తిట్టు. నన్ను తిట్టాడు. తెప్పను తిట్టాడు. తెప్పను వదిలేసి పోయినవాణ్ణి తిట్టాడు. గట్టెక్కించి, లియెన్ తలా నా తలా తడిమి చూసి, ఇద్దరం క్షేమంగా ఉన్నామని రూఢి చేసుకున్నాక, ఏటికి అవతల నిలబడ్డ ఊరి వైపు తిరిగాడు.

“ఒరేయ్ పిన్‌తాన్ పీనుగుల్లారా! తెప్పకి మనిషిని పెట్టలేనోళ్ళు మీరేం వంతెన కడతార్రా! పిల్లతల్లిని ఏట్లోకి తోలి పైన కూచుని వేడుక చూస్తున్నారా! ఒరేయ్ గ్వాంగూ! నిన్ను చూసేరా అది వచ్చింది! నీలో ఏం చూసిందో ఆ దేవుడికే తెలియాలి! పెళ్ళాన్ని పంపించి నువ్వు దూలానికి కాపలా కాస్తున్నావా, సిగ్గులేనోడా!”

గ్వాంగ్ నిట్రాయిని కౌగిలించుకుని, మొహం చేటంత చేసుకుని నవ్వుతున్నాడు. ఊరంతా గట్టు మీద నోళ్ళు తెరుచుకుని వింటోంది. జిన్ తాత చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు.

“చెట్టు మాట అనలేదు న్యాన్ నాన్నా! చెట్టుని కూడా ఓ మాట అను!”

“నువ్వెవడివిరా నాకు చెప్పడానికి, పళ్ళూడిన పిల్లీ! చెట్టా? చెట్టంటార్రా?” నాన్న కొండ వైపు చెయ్యి చూపించాడు. “దానికి నేను నీళ్ళు పోశానురా! పిల్ల దానికంటే పొడుగ్గా ఉన్నన్నాళ్ళు పిల్లని చూసుకున్నా, అది పిల్లకంటే పొడుగయ్యాక దాన్ని చూసుకున్నా. మీరు నా పిల్లని ఎత్తుకుపోయారు. ఇప్పుడు నా చెట్టుని ఎత్తుకుపోయారు. ఒక్కడైనా... ఇన్నేళ్ళలో ఒక్కడైనా నా గుమ్మం ఎక్కి అడిగాడా? అడిగితే నేను కాదందునా?”

అప్పుడు మామగారు తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని, దుంగల అంచుకు వచ్చారు.

“తప్పే బావగారూ!” అని గట్టిగా అన్నారు. ఆ పిలుపుతో ఆయన మా నాన్నను పిలవడం అదే మొదలు. “అప్పుడే రావాల్సింది. రాలేదు. ఇప్పుడడుగుతున్నాను, రెండూ కలిపి.”

నాన్న గుండెలు ఎగసిపడుతున్నాయి. బట్టల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

“నరికేశాక అడిగేదేంటయ్యా! పెట్టుకోండి! పెట్టుకుని తగలడండి! అది విరిగిందంటే మాత్రం ఒక్కొక్కణ్ణి ఆ ఏట్లోనే...”

తర్వాతి మాటలు టపాసుల్లో కలిసిపోయాయి.

“నేను మాట్లాడుతుంటే కాలుస్తారేంట్రా, అడ్డగాడిదల్లారా!”

మామగారు వంగి సిరా దారం లాగి వదిలారు. నల్లటి గీత దూలం వెన్నున పడింది. తాళ్ళు బిగిశాయి. నేను అటు ఉండాల్సినదాన్ని, మా ఊరి దూలం లేస్తుంటే ఇటు గట్టు మీద నాన్న పక్కన తడిబట్టలతో నిలబడి చూశాను. ఆయన ఒక్క క్షణం ఊరుకోలేదు. ఎడమ పక్క తాడు వదులుగా ఉందన్నాడు. మొదలు పైకెత్తి మొనని కిందికి దించారన్నాడు. ఆ గ్వాంగ్‌గాడికి కాళ్ళున్నాయి గానీ వాటి మీద నిలబడటం రాదన్నాడు. అమ్మ మెట్ల మీదికొచ్చి పొడి గుడ్డ ఆయన నెత్తిన పడేసింది. దూలం రెండు కుసులూ బెజ్జాల్లోకి దిగిన చప్పుడు మాకు వినపడింది. అప్పుడు వాన చుక్క పడింది. అవతల జనం హోరుమన్నారు. దూలం మీంచి గడ్డి తడికెలు దించి ఆ వానకి కుసులు తడవకుండా కాచారు; కప్పు ఆ వాన వెలిశాక, ఎండ కాసిన రోజుల్లో పడింది, పెంకులు ఆడా మగా అందరం అందించాం.

ఆ చినుకుల్లోనే దూలం మీద కూర్చున్న వాళ్ళు ఆనవాయితీ ప్రకారం బుట్టల్లోంచి బియ్యపు రొట్టెలు జనంలోకి విసిరారు. పిల్లలూ పెద్దలూ ఒడి పట్టి ఏరుకుంటున్నారు. గ్వాంగ్ ఒక రొట్టె తీసుకుని లేచి నిలబడ్డాడు. ఇటు తిరిగి విసిరాడు. అది నీళ్ళలో పడింది.

“విసరడం కూడా రాదు వీడికి,” అన్నాడు నాన్న.

గ్వాంగ్ ఇంకోటి తీసుకున్నాడు. ఈసారి ఒళ్ళంతా వెనక్కి వంచి విసిరాడు. అది మా కాళ్ళ దగ్గర బురదలో పడింది. నాన్న దాన్ని చాలాసేపు చూశాడు. నేను వంగబోతే మోచేత్తో ఆపి, తనే వంగి తీశాడు. తడి చొక్కాకి తుడిచాడు, ఊదాడు, మళ్ళీ తుడిచాడు. రెండు ముక్కలు చేసి ఒకటి నా చేతిలో పెట్టాడు. రెండోది నోట్లో వేసుకుని నమిలాడు.

“పిండి సరిగ్గా దంచలేదు మీ ఊరోళ్ళు,” అన్నాడు.

ఇంకా ఏదో అనబోయాడు గానీ నోరు నిండుగా ఉంది. వానలో నిలబడి నములుతూ ఉన్నాడు. ఆ కాసేపూ ఆయన మాట్లాడలేదు. నాకు భయం వెయ్యలేదు.